నడకబట్ట

మనిషి వెళ్ళిపోయాక అడుగు వస్తుంది. నడకబట్టలో నాకు మొదటినుంచీ నచ్చనిది అదే.

తెల్లటి నేత గుడ్డ. బడి వరండా పొడుగునా పరుస్తాం. మనిషి పళ్ళెంలో నీళ్ళలో కాళ్ళు తడుపుకుని, ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి, చెప్పులు తొడుక్కుని ఇంటికి పోతాడు. గుడ్డ మీద తడి తప్ప ఏమీ ఉండదు. ఆ తడీ ఆరిపోతుంది. ఓ టీ తాగేంత సేపయ్యాక మడమ కనిపిస్తుంది, లేత నీలంగా. తరువాత పాదం అంచు. ఆఖరికి వేళ్ళు, ఒక్కొక్కటిగా. అప్పటికి ఆ మనిషి ఇంట్లో కంచం ముందు కూర్చుని ఉంటాడు. అతను లేనిచోట అతని నడక మాత్రం మన కళ్ళముందే ముదురుతూ ఉంటుంది. ప్రయోగశాలలో గాజు గ్లాసులో ఇదే రంగు వచ్చినప్పుడు చప్పట్లు కొట్టినదాన్ని, ఆ వరండాలో మొహం పక్కకు తిప్పుకునేదాన్ని.

ఆ వరండా మా ఊరిదే. సముద్రానికి కాస్త ఇవతల, జీడితోటల నడుమ ఉంటుంది తాడిగెడ్డ. మా బావినీళ్ళంత తియ్యటి నీళ్ళు చుట్టుపక్కల లేవని మావాళ్ళకు గొప్ప. ఆ తీపిలో ఏముందో ఎవరూ తేల్చలేదు గానీ, నడివయసు మగవాళ్ళు వరసగా కిడ్నీలు చెడి పోయేవారు. మా అన్నయ్య గన్నియ్యా అలాగే పోయాడు. ముందుగా కనిపెడితే మందులతో, వేరే నీళ్ళతో జబ్బును నిలబెట్టవచ్చు. కానీ రక్తపరీక్షలకు జీపు వచ్చిందంటే ఊరు ఊరంతా తోటల్లో దూరేది. సూది లేని పరీక్ష కావాలని విశాఖలోని మా ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి నేను పోరు పెట్టడానికి కారణం అది.

కిడ్నీ చెడడం మొదలవగానే చెమటలోకి ఒక చిన్న అణువు జారుతుంది. దాన్ని పట్టగల ఎంజైములు లేకపోలేదు. కానీ అవి పాలవంటివి, మా ఊరి ఎండకు పూటలో విరిగిపోతాయి. మా పెద్ద డాక్టరు పేర్రాజుగారు ఎంజైము చేసే పనిని సీరియం అనే లోహపు నలుసులకు నేర్పారు. కంట్లో పడినా తెలియనంత నలుసులు. వాటికి ఎండ లేదు, వాన లేదు. ఆ అణువు తగిలిందా, గుడ్డలో ఇంకిన రంగులేని మందును నీలం చేసేస్తాయి. నీలం ఎంత ముదిరితే జబ్బు అంత ముదిరినట్టు. ఎంత ముదిరిందో కెమెరాతో బొమ్మ తీసి లెక్కగడతాం.

తొలి విడతలోనే గుడ్డ పని చేసింది. ఊరి సర్పంచి దాలినాయుడికి లేత నీలం వచ్చింది. ముందు నవ్వేశాడు, తరువాత విశాఖ వచ్చి రక్తం ఇచ్చి, నిజమేనని తేలాక మందులు మొదలుపెట్టాడు. ఆర్నెల్లలో మొహంలో కళ వచ్చింది. అతన్ని చూసి మగవాళ్ళందరూ క్యూ కట్టారు.

చిక్కంతా ఆడవాళ్ళతోనే వచ్చింది. పెళ్ళయిన ఒక్క ఆడదాని అడుగూ నీలం కాలేదు. విధవల అడుగులు చాలావరకు అయ్యాయి. వాళ్ళలో మా వదిన సూరీడమ్మ ఒకతె, ఆమెకు మందులు మొదలుపెట్టించాను.

పేర్రాజుగారు గోదావరి జిల్లా మనిషి. మంచివారే గానీ తన మాట తనకు తీపి. ఆ ఫలితం చూసి ఆయన మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. వచ్చేటప్పుడు ఒక సిద్ధాంతంతో వచ్చారు. ఆడదాని శరీరంలో ఈ జబ్బునుంచి కాపాడే గుణమేదో సహజంగా ఉందట. భర్త పోయిన దిగులుతో హార్మోన్లు మారి ఆ రక్షణ తొలగిపోతుందట. ఇంగ్లీషులో రాస్తే అది ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. దిగులుకే కిడ్నీలు చెడేటట్టయితే మా అన్నయ్య తాగుడుకు మా వదినవి పెళ్ళయిన ఏడాదికే చెడాలి కదా అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. నీది ఇంటి సంగతి, నాది లెక్కల సంగతి అన్నారు. వ్యాసం వెళ్ళిపోయింది. మొగుడున్న ఆడవాళ్ళకు మందులు అక్కరలేదన్న మాటా దానితోపాటే వెళ్ళింది.

ఊరు ఆ సిద్ధాంతాన్ని తన భాషలోకి తిప్పుకుంది. మొగుడు పోయినదాని కాలు విషం. అంతే. వెనకటినుంచీ లోపల లోపల అనుకునే మాటే. ఇప్పుడు దానికి సైన్సు సాక్ష్యం కూడా దొరికింది.

ఈ సంగతి వదిన నాకు చెప్పలేదు. ఫోను చేసినప్పుడు, పలాస దగ్గర వాళ్ళక్క ఊరు వెళ్ళిపోదామనుకుంటున్నానని మాత్రం అంది. వదిన తాడిగెడ్డ వదిలి ఒక్క పూట ఉండదు. నాకు ఊహ తెలిసేసరికే మా అమ్మ లేదు. కొత్తకోడలుగా వచ్చిన వదినే నాకు జడలు వేసి, ముద్దలు కలిపి పెట్టి, అన్నయ్యతో పోట్లాడి నన్ను కాలేజీకి పంపింది. అన్నయ్య పోయాక బడిలో మధ్యాహ్నం వంట పని చూసుకుంటూ తన బతుకు తను బతుకుతోంది. ఆమె ఊరు విడిచిపోతానంటే ఎవరో పొమ్మన్నారనే అర్థం. మర్నాడే బయలుదేరాను.

బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఒక తెల్లగుడ్డ ముక్క పరిచి ఉంది. ముందు అర్థం కాలేదు. వంగి చూస్తే మా నడకబట్టే. బడిలో దాచిన తాను తీసి, చీరముక్కల్లా చింపి ఇంటింటికీ పంచుకున్నారు. ఎవరు వచ్చి వెళ్ళారో వాళ్ళు వెళ్ళాక తెలియాలని. ఒక గుమ్మం ముందు ముక్కమీద సగం పాదం నీలంగా ఉంది, వేళ్ళు ఇంటివైపు తిరిగి. లోపల పసిబిడ్డ ఏడుస్తోంది.

వదిన నాకు ఎదురొచ్చింది. ఇద్దరం వీధి వెంట నడుస్తుంటే ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మేము దగ్గరకు వస్తుంటే తలుపులు మెల్లగా మూసుకునేవి. వెనక నీళ్ళు కుమ్మరించిన చప్పుడు వినిపించి తిరిగి చూశాను. ఒక అమ్మాయి బిందెతో మా వెనకే వస్తూ, వదిన అడుగు పడిన చోటల్లా కడుగుతోంది. చిన్నప్పుడు నా దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్ల. నన్ను చూసి పలకరింపుగా నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి నాకు భయం వేసింది.

బడిలో వదిన వండిన అన్నం పిల్లలు తినడం మానేశారని, వంటగది తాళం ఇప్పుడు ఇంకొకరి దగ్గర ఉందని ఇంటికి వెళ్ళాక తెలిసింది. మరో విధవ, నరసమ్మ, అప్పటికే కొడుకు దగ్గరకు వెళ్ళిపోయింది. సర్పంచి దాలినాయుడు వదినను మర్యాదగానే కూర్చోబెట్టి, వచ్చే అమావాస్యలోగా ఊరు విడిచిపోతే అందరికీ మంచిదని చెప్పాడట.

"నానేటి సేసినాను, ఇందమ్మా?" అంది వదిన. "బతికున్నన్నాళ్ళు ఆడికి సేసినాను. ఆడు పోయినంక ఊరి పిల్లలకి వొండినాను. ఇప్పుడు నా కాలు నాకే పగదా?"

 ఆ గుడ్డ తెచ్చినదాన్ని నేనే.

ప్రయోగశాలకు తిరిగి వెళ్ళి కెమెరా తీసిన బొమ్మలన్నీ మళ్ళీ చూశాను. ఆడవాళ్ళవి తెల్లగా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి. మరీ అంత తెల్లగా ఎలా ఉంటాయి? నడిచిన కాలికి మట్టయినా ఉండదా? అడిగితే పేర్రాజుగారు తేలిగ్గా చెప్పారు. ఆడవాళ్ళ పాదాల పసుపు గుడ్డకు అంటుకుని లెక్కలు పాడుచేస్తోందని, పసుపు అంటిన పాదం మొత్తాన్ని తెల్లగా వదిలేయమని కెమెరాకు ముందే నేర్పించారట.

అసలు గుడ్డలు సామానుగదిలో చుట్టలు చుట్టి ఉన్నాయి. అంచున పేరు రాసి ఉన్న చుట్ట ఒకటి తీసి బల్లమీద పరిచాను. దాలినాయుడి భార్య ఎర్నమ్మది. గుడ్డ నిండా చక్కటి పసుపు పాదాలు. లక్ష్మీదేవి నడిచినట్టుంది అనుకుని భూతద్దం పెట్టాను. మడమల దగ్గర, పగుళ్ళు ఉన్న చోట, పసుపు లోపలికి అందని చోట, సన్నటి నీలం గీతలున్నాయి. పసుపు పాదం లోపల ఇంకొక పాదం ఎవరో గీసి దాచినట్టు. మరో చుట్ట విప్పాను. అందులోనూ అంతే. విప్పిన ప్రతి ముత్తైదువ గుడ్డలోనూ, మడమ పగిలి ఉంటే చాలు, ఆ నీలం దారాలున్నాయి.

క్యాంటీనుకు వెళ్ళి చిటికెడు పసుపు అడిగి తెచ్చాను. గాజు గ్లాసులో నీలం రంగు తెప్పించి, అందులో పసుపు వేసి కలిపాను. నీలం పోయింది. ఇంకాస్త అణువు పోసినా రాలేదు. పసుపు ఆ నీలాన్ని పుట్టనివ్వదు, పుట్టినదాన్ని బతకనివ్వదు. తాడిగెడ్డలో అన్నీ పసుపు రాసుకునే ఇళ్ళే. మొగుడు పోయిననాడు కాళ్ళ పసుపు ఆగిపోతుంది. మా గుడ్డ విధవలను పట్టుకోలేదు, పసుపు లేని కాళ్ళను పట్టుకుంది.

పేర్రాజుగారు గ్లాసును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. ఆయన వాదిస్తారనుకున్నాను. వాదించలేదు.

"ఆ ఆడవాళ్ళందరికీ జబ్బు లేదని రాసిచ్చేశామమ్మా," అన్నారు. "మందులు అక్కరలేదన్నాం."

పసుపు చర్మంలో ఇంకిపోతుంది, సబ్బుతో కడిగినంత మాత్రాన పోదు. కొన్నాళ్ళపాటు పూర్తిగా మానేసి నడవాలి. ఒక్క ముత్తైదువ అలా నడిచి నీలం తెప్పించినా ఊరు నమ్ముతుంది, మిగతావాళ్ళు ముందుకు వస్తారు అన్నారు ఆయన. నాకూ అలాగే తోచింది. చదువుకున్నవాళ్ళం కదా, తోస్తాయి.

ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగాను. గ్లాసులో నీలం పోయేటట్టు చేసి చూపించాను. ఒక ముసలాయన గారడీ బాగుందన్నాడు. వదినకోసం ఆడబిడ్డ అల్లిన కథ అన్నారు కొందరు. అసలు చిక్కు అది కాదు. పసుపు మానండి అనగానే ప్రతి ఇంట్లోనూ మాట ఆగిపోయేది. అత్తలు లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. ఒక ఇల్లాలు రెండు చేతులతో చెవులు మూసుకుంది.

ఎర్నమ్మ మాత్రం నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఆవిడ అరుగుమీద కాళ్ళు చాపుకుని ఉంది. పాదాలు పొంగి, పసుపుతో నున్నగా మెరుస్తున్నాయి. పట్టీలు ఒంట్లోకి దిగిపోయి ఉన్నాయి. నేను వంగి చీలమండ దగ్గర వేలితో నొక్కాను. వేలు తీశాక ఆ గుంట, కిడ్నీలు చెడినవాళ్ళ కాళ్ళలోలాగే, అలా ఉండిపోయింది. ఆవిడా దాన్ని చూసింది. చీర కుచ్చెళ్ళు కిందికి లాక్కుంది.

"పసుపు మానీమంటావేటి? నా మొగుడు బతికున్నాడమ్మా," అంది. "ఆడు సావులోంచి లేసొచ్చినాడు. ఆడికేటైనా అయితే, నువ్వు రాసిన కాయితం తెచ్చి ఆడిని లేపుతావా?"

 నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ఆ స్థానంలో వదిన ఉన్నా, అన్నయ్య బతికుండగా అయితే, ఇదే మాట అనేది.

అమావాస్య దగ్గరపడింది. వదిన తన గిన్నెలు మూట కట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ మూట చూస్తూ కూర్చున్నప్పుడే నా కాళ్ళు నాకు గుర్తొచ్చాయి.

నాకు మొగుడున్నాడు. శ్రీహరి విశాఖలో, ఆ వేళప్పుడు మా పిల్లవాడి చేత ఎక్కాలు చెప్పిస్తూ ఉంటాడు, దుక్కలా. కాళ్ళకు పసుపు రాసుకుని నాకు ఏళ్ళయింది. కాలేజీ చదువు అయ్యేదాకా తాగినవి తాడిగెడ్డ నీళ్ళే. అయినా నేను ఎప్పుడూ నడకబట్ట మీద నడవలేదు. పరీక్షకు మేము రాసుకున్నవి, జబ్బున్న ఊళ్ళో కాపురం ఉండేవాళ్ళు ఒక జాబితా, పోల్చి చూడడానికి ఆ ఊరి గాలి సోకనివాళ్ళు ఒక జాబితా. నేను రెండింటికీ పనికిరాలేదు, రెంటికి చెడ్డ రేవడిలాగ. నిజం చెప్పాలంటే, పనికిరానందుకు లోపల ఎక్కడో సంతోషంగానే ఉండేది.

దాలినాయుడి దగ్గరకు వెళ్ళి అడిగాను. నాకు నీలం వస్తే, అది వైధవ్యపు రంగు కాదని ఒప్పుకుంటావా అని. అతను గడ్డం గోక్కున్నాడు.

"నీకొస్తే మీ వొదిన ఊర్లోనే ఉంటాది. రాకపోతే నువ్వే తీసుకెల్లిపో, సెల్లీ," అన్నాడు.

వదినకు చెప్తే నా చెయ్యి పట్టుకుంది. వద్దంది. రాకపోతే నువ్వు ఊరు వదలాలి, వస్తే వచ్చిందని ఏడుస్తావా అని కసిరాను. ఆమె చెయ్యి వదల్లేదు. నేనే విడిపించుకున్నాను.

బడి వరండాలో గుడ్డ పరిచాం. పిల్లలకు సెలవిచ్చి పంపేశారు. ఊరి ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క నిలబడ్డారు. ఆడవాళ్ళు నా మెడలో మంగళసూత్రాన్నీ కాలి మట్టెలనూ పరకాయించి చూసుకున్నారు. పళ్ళెంలో కాళ్ళు తడుపుకున్నాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. గుడ్డ మీద నడిచాను. అరికాళ్ళ కింద ఏమీ తెలియదు, మామూలు నేత గుడ్డే. ఆ చివర దిగి, గోడకు చేరబడి నిలబడ్డాను.

తడి ఆరడం మొదలైంది. ఎండకు ఒక్కో పాదమే కనుమరుగైపోయింది. గుడ్డ తెల్లగా ఉంది. రావాలి అనుకున్నాను, వదిన కోసం. మా పిల్లవాడు గుర్తొచ్చి, రాకూడదు అనుకున్నాను. రెండూ ఒకేసారి, ఒకేలా గట్టిగా అనుకున్నాను. ఏది ఎక్కువగా కోరుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

ముందు మడమ వచ్చింది.

లేతగా రాలేదు. నేను ఎన్నో అడుగులు చూశాను, మొదట లేతగా వచ్చి ముదురుతాయి. ఇది వస్తూనే నేరేడుపండు రంగులో వచ్చింది. అంచు వచ్చింది, వేళ్ళు వచ్చాయి. దాని వెనక రెండో అడుగు. వరండా ఆ చివరినుంచి వరసగా, ఎవరో కనపడని మనిషి నా వైపు నడిచి వస్తున్నట్టు. అది నా నడకే. కుడికాలు కాస్త బయటికి పెట్టి నడుస్తానని శ్రీహరి వెక్కిరించే నడక.  ఇంత ముదురు రంగు మేము ఆ ఊళ్ళో చూసింది ఆఖరి దశలో ఉన్నవాళ్ళ దగ్గర మాత్రమే.

 గెలిచాననుకున్నాను. అప్పుడు ఆడవాళ్ళలోంచి ఒక ముసలామె నిట్టూర్చింది.

"అయ్యో తల్లీ. అల్లుడుబాబుకి ఏటి రాసిపెట్టుందో."

మిగతావాళ్ళు తలలూపారు.  నా కాలు చూసి శ్రీహరి చావును చదివారు. నేను ఏ సాక్ష్యం తెచ్చినా వాళ్ళు దాన్ని ఇలాగే చదువుతారు, నేను నడిచి తెచ్చినదాన్ని కూడా.

వదిన అవేమీ వినలేదు. ఆమె గుడ్డనే చూస్తోంది. ఉన్నట్టుండి వంటగదిలోకి పరుగెత్తింది. ఆమెను రావద్దన్న వంటగది. కొత్తగా వంటకు కుదిరినామె అడ్డు రాబోయి పక్కకు తప్పుకుంది. వదిన పసుపు డబ్బాతో బయటికి వచ్చి, గుడ్డ మీద మోకాళ్ళమీద కూలబడి, నా మొదటి అడుగు మీద గుప్పెడు పసుపు పోసి అరచేత్తో రుద్దడం మొదలుపెట్టింది. పళ్ళెంలో నీళ్ళు తీసి చల్లింది, మళ్ళీ రుద్దింది.

"నీకేటీ నేదు," అంటోంది. "నీకేటీ నేదు, ఇందమ్మా. నాను తుడిసేస్తాను. ఎవులూ సూడ్నేదు. నాను ఎల్లిపోతాను, ఈ ఊరికీ నాకూ సరి. నీకేటీ నేదు."

పసుపు నీలాన్ని పోగొడుతుందని ఆమెకు నేనే చెప్పాను. రంగు పోతే జబ్బు పోదని చెప్పడం మాత్రం ఎవరికీ తోచలేదు. లేదూ, ఆమెకు తెలుసేమో. తెలిసి కూడా రుద్దుతోందేమో.

ఆమె చేతి కింద మడమ చెరిగిపోయింది. అందరూ చూస్తుండగా వేళ్ళు ఒక్కొక్కటే పోయాయి. చెయ్యి తీసిన చోట నీలం లేదు. శుభ్రమైన పసుపు పాదం ఒకటి ఉంది. ఆమె పక్క అడుగుకు జరిగింది. అదీ అలాగే అయింది. ఆ తరువాతది కూడా. వరండాలో ఆ చివర మూడు పసుపు అడుగులు, ఏ ఇల్లాలి గుమ్మంలో చూసినా కనిపించేవాటిలాంటివి. వాటి వెనకనుంచి, ఇంకా ఆమె చెయ్యి అందని నావి, నల్లబడేటంత నీలంగా.

 గ్లాసులో చూపిస్తే గారడీ అన్నవాళ్ళు, ఏడుస్తూ రుద్దుతున్న ఆడదాన్ని ఏమంటారు? ఆడవాళ్ళలో ఒకామె తన చీర అంచును కాస్త పైకి ఎత్తి కిందికి చూసుకుంది. పక్కనున్న పిల్ల కూడా చూసుకుంది. వరసలో అందరి తలలూ వంగాయి. అన్నీ పచ్చటి పాదాలే. వాటి కింద ఏముందో అనుకుంటూ వాళ్ళు తమ కాళ్ళను తామే, పరాయివాళ్ళ కాళ్ళను చూసినట్టు చూస్తూ నిలబడ్డారు.

ఎర్నమ్మ మగవాళ్ళ వైపు చూడలేదు. దాలినాయుడు ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది. పొంగిన కాళ్ళతో మెల్లగా వచ్చి నా ఎదురుగా నిలబడింది. నా మొహంలోకి చూసి, వెంటనే చూపు దించుకుంది.

"పసుపు ఎన్నాళ్ళు మానాల, ఇందమ్మా?" అని అడిగింది.

నేను చెప్పాను.  గుడ్డ మీద వదిన ఇంకా రుద్దుతూనే ఉంది. డబ్బాలో పసుపు అయిపోయింది. అడుగులు ఇంకా చాలా ఉన్నాయి.